మబ్బులు తగ్గించిన ఆదివారం

"ఇంకోటి పోయింది," అంది మా మేనకోడలు జాయ్‌స్టిక్ మీంచి చెయ్యి తీసేస్తూ.

తెర మీద రన్‌వే పక్కన గడ్డిలో ముక్కు గుచ్చుకుని పడి ఉంది తెల్ల విమానం. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. కానీ మర్నాడు పొద్దున పిల్లకి పైలట్ శిక్షణ ఇచ్చే స్కూల్లో ఎంపిక పరీక్ష. విమానం నడుపుతున్నట్టే ఉండే వాళ్ల సిమ్యులేటర్ యంత్రం ఎక్కి, పక్క నుంచి గాలి తోస్తుండగా, విమానాన్ని సాఫీగా దించి చూపించాలి. దించితే ఉచితంగా నేర్పుతారు. లేకపోతే మా రెండిళ్ల వాళ్లం తలకిందులుగా తపస్సు చేసినా ఆ చదువు చెప్పించలేం.

నాకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. అయినా నెల రోజులుగా ఇది ఇలా కిందామీదా పడుతోందని నాకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. కారణం మా బావ. ఆయనది ఫోటో స్టూడియో. స్టూడియో వెనక గదిలో, ఫోటోల్లో జనం మొటిమలు చెరిపే కంప్యూటర్లోనే కూతురికి విమానం నడిపే ఆట పెట్టించాడు. సెట్టింగులన్నీ తానే చూసుకున్నాడు. బామ్మర్దిని పిలిస్తే పరువు పోతుందని ఆయన భయం. చివరికి ఆ ఆదివారం మా మేనకోడలే నన్ను పిలిపించింది.

సెట్టింగులు తెరిచి చూశాను. నా కళ్లు తిరిగాయి. నీడలు, నీళ్ల మీద మెరుపులు, దూరపు చెట్లు, మబ్బులు, అన్నీ చిట్టచివరి గీత దాకా పెంచి ఉన్నాయి. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే ఫ్రేముల లెక్క తెర పైమూలన పెట్టించాను. ఆకాశంలో ఉన్నంతసేపూ ముప్పై చూపించింది. రన్‌వే దగ్గరపడేసరికి పన్నెండుకి పడిపోయింది. బొమ్మ నత్తివాడి మాటలా ఆగి ఆగి వచ్చింది.

"బావా, ఇది విమానమా, ఎగ్జిబిషనా?"

"ఆపి చూడరా," అన్నాడాయన. నిజంగానే ఆట ఆపించాడు. "చూడు. ఏ ముక్క తీసుకున్నా ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవచ్చు. ఆ నీడ చూడు."

"విమానం ఆపి చూసుకునేది కాదు బావా. కదలాలి."

"కదిలితే మాత్రం అందంగా కదలకూడదా?"

ఇలాంటి మనిషితో వాదించడం నా వల్ల కాదు. నీడలు కిందికి లాగాను. ఆయన ఉస్సూరుమన్నాడు. విమానాశ్రయంలో తిరిగే బళ్లన్నీ తీసేశాను. దూరపు చెట్లు సగం చేశాను. ఒక్కొక్కటి తగ్గుతుంటే ఆయన తన పళ్లే పీకుతున్నట్టు మొహం పెట్టాడు. మా మేనకోడలు మాత్రం మూలనున్న అంకె వైపే చూస్తూ, "ఇరవై రెండు... ఇరవై ఆరు... మామయ్యా, ఇంకా లాగు," అంటూ కుర్చీలో నిలవడం లేదు.

చివరికి మబ్బులు మిగిలాయి.

"మబ్బుల జోలికి రాకు," అన్నాడు బావ.

"నాన్నా, రేపు నా పరీక్ష మబ్బుల మీద కాదు," అంది కూతురు.

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. నేను లాగేశాను. దూది కొండల్లాంటి మబ్బులు పోయి ఏవో మరకలు మిగిలాయి. ఇక ఫ్రేములు ఎగిరెగిరి పడకుండా ముప్పై దగ్గర గట్టిగా కట్టేసి, "ఇప్పుడు పోనియ్," అన్నాను.

ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. రన్‌వే ఎక్కడా తడబడకుండా, ఒకే ఊపున మా మీదికి పెరుగుతూ వచ్చింది. మూలన అంకె ముప్పై నుంచి చలించలేదు. నా గుండె మాత్రం ఎగిరి గంతేసింది. వెనక నుంచి బావ కూడా ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తోంది.

అంతే, విమానం ఉన్నట్టుండి ముక్కు పైకెత్తి, గాల్లోకి లేచి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక ధబీమని కింద పడింది.

మళ్లీ చేసింది. మళ్లీ అదే. మూడోసారి ఇంకా ఎత్తు నుంచి పడింది.

"పాతవే పెట్టెయ్ మామయ్యా," అంది. "అందులో అప్పుడప్పుడైనా దిగేది."

నా మొహం మాడిపోయింది. పరీక్ష ముందురోజు వచ్చి పిల్ల చేతిలో ఉన్న కాస్తా చెడగొట్టానా? మౌస్ మీద చెయ్యి వేశాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగరా. ఏమే, నేల తాకేముందు ముక్కు ఎప్పుడు ఎత్తుతున్నావు?"

"రన్‌వే మొదట్లో తెల్ల చారలు కనబడగానే."

"అప్పుడే ఎందుకు?"

"అప్పుడు జాయ్‌స్టిక్ లాగితేనే నేల దగ్గరికొచ్చేసరికి లేచేది."

బావ నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నా మొదటి డిజిటల్ కెమెరా నొక్కాక ఒక క్షణం ఆలోచించుకుని ఫోటో తీసేది. అందుకని ముందే నొక్కడం అలవాటైంది. మంచి కెమెరా కొన్నాక వారం రోజులు అందరూ నవ్వబోయే ముందు మొహాలే పడ్డాయి. నువ్వు నెలరోజులుగా విమానం నేర్చుకోలేదే. నా కంప్యూటర్ బద్ధకం నేర్చుకున్నావు."

స్కూల్లో ఉన్నది పెద్ద యంత్రం. అది లాగిన క్షణంలోనే లేస్తుంది. ఇదే చేత్తో వెళ్లుంటే రేపు ఇంతే సంగతులు.

"ఇప్పుడెలా నాన్నా?" అంది.

"చేతులు ఒళ్లో పెట్టుకో. మీ మామయ్య నడుపుతాడు. నువ్వు చూసి, 'ఇప్పుడు' అని చెప్పు. అంతే."

నేను జన్మలో విమానం నడిపిన వాణ్ణి కాదు. అది "ఇప్పుడు" అంది, లాగాను, గాల్లోకి లేచి పడ్డాం. మళ్లీ "ఇప్పుడు" అంది. రన్‌వే వదిలేసి కంచె మీద పడ్డాం. ఒకసారి దాని ప్రమేయం లేకుండానే చెరువులో దించాను. అది కడుపు పట్టుకుని నవ్వింది. మా అక్క తలుపు దగ్గర నిలబడి, "దీన్ని పైలట్ని చేస్తారా, వీణ్ణి చేస్తారా?" అని వెళ్లిపోయింది. కానీ నవ్వుతూ నవ్వుతూనే దాని "ఇప్పుడు" వెనక్కి జరగడం నేను గమనించాను. చారలు దాటింది. ఇంకా అనలేదు. నేల దగ్గరైంది. ఇంకా అనలేదు. నాకు చెమటలు పడుతుండగా, రన్‌వే తెర నిండా పరుచుకున్నాక, మెల్లగా "ఇప్పుడు" అంది.

నా మొరటు చేతికి కూడా విమానం బతికి బట్టకట్టింది.

"లే మామయ్యా, లే," అంటూ నన్ను కుర్చీలోంచి నెట్టేసింది. పక్కగాలి పెట్టుకుంది. విమానం పక్కకి జారుతుంటే చిన్నగా సర్దుకుంటూ వచ్చింది. చారలు దాటింది. మేమిద్దరం ఆ తెరకి ముక్కులు ఆనించినంత దగ్గరికి వంగాం. ఎక్కడా చప్పుడు కాలేదు.

"దిగానా?" అంది.

దిగింది. అప్పటికే చక్రాలు నేల మీద పరిగెడుతున్నాయి. బావ నన్ను వాటేసుకున్నాడు. పరువు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

మర్నాడు మమ్మల్ని సిమ్యులేటర్ గది బయట, అద్దం వెనక కూర్చోబెట్టారు. మొదటిసారి చక్కగా దించింది. పరీక్షాధికారి ఏమీ అనకుండా గాలి దిశ మార్చి, మళ్లీ చెయ్యమన్నాడు. బావ కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు, కాబట్టి చూశాను. ఈసారి ఇంకా మెత్తగా దిగింది.

పరీక్షాధికారి దానితో పాటే బయటికి వచ్చాడు. "నేల తాకిందో లేదో మీటరు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది," అన్నాడు మాతో. నాకు కళ్లమ్మట నీళ్లు కారాయి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. తర్వాత ఆయన కిటికీ అవతల ఎండలో నిలబడి ఉన్న చిన్న విమానం వైపు చెయ్యి చూపించి, "వచ్చే సోమవారం నుంచి దాంట్లో," అన్నాడు.

నెల రోజులుగా బావా, నిన్నంతా నేనూ తెర మీది బొమ్మ గురించే కొట్టుకున్నాం. ఇదంతా అయ్యాక ఈ పిల్ల నిజంగా ఆకాశంలోకి వెళ్తుందన్న మాట అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనే లేదు. బావ చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చి గట్టిగా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

పిల్ల మాత్రం మా వైపు చూడనైనా చూడలేదు. "సోమవారం దాకా ఎందుకండీ?" అంది.