తలుపవతల ముగ్గురు

నేను అద్దె డాక్టర్ని. ఏ ఆసుపత్రి అత్యవసర విభాగంలో మనిషి తక్కువైతే అక్కడికి ఏజెన్సీ నన్ను పంపుతుంది. కొన్ని వారాలు పనిచేసి, మోటెల్ గది తాళంచెవి తిరిగిచ్చి వెళ్ళిపోతాను. ఆ చలికాలం దక్షిణ డకోటాలో ఒక మాజీ సైనికుల ఆసుపత్రిలో పడ్డాను. మెళ్ళో వేలాడే కార్డు మీద నా పేరుకంటే ‘తాత్కాలికం’ అన్న మాటే పెద్దగా ఉండేది. నాకదేం బాధ కాదు. ఎవరితోనూ ముడి పడకపోతే తెంచుకునే పనీ ఉండదని నా లెక్క.

ముందు హాల్లో కాఫీ యంత్రం పక్కన నలుగురు ముసలాళ్ళు రోజూ పొద్దున్నే చేరేవారు. జబ్బు ఉన్నా లేకపోయినా వచ్చేవారు. వాళ్ళలో నోరున్నవాడు ఓర్విల్ టెస్కీ. ఒకప్పుడు నేవీలో పనిచేశాడు.

“ఏం డాక్టరమ్మా, ఇంకా ఉన్నారా? మీకు ముందొచ్చినాయన మొదటి మంచు చూడగానే జెండా ఎత్తేశాడు.”

“నేనూ ఇలాంటి మంచులో పుట్టి పెరిగినదాన్నే. మీరు ముందు ఆ మూడో డోనట్ కింద పెట్టండి,” అనేదాన్ని.

కాఫీ పోసేది మాత్రం వెండెల్ క్రాన్. మిగతా ముగ్గురి టోపీల మీదా వాళ్ళు పనిచేసిన ఓడ పేరో పటాలం పేరో ఉండేది. వెండెల్ టోపీ మీద ఏమీ ఉండేది కాదు. ఎక్కడ పనిచేశావని వీళ్ళు ఒక మనిషిని ఒక్కసారే అడుగుతారు. జవాబు రాకపోతే ఇక జన్మలో అడగరు. అది వాళ్ళ మర్యాద. మొదట్లో నాకూ ఆ మర్యాద ముచ్చటగానే ఉండేది.

మంచు తుఫాను పట్టిన రోజు, కాఫీ పోస్తూ పోస్తూ వెండెల్ కూలిపోయాడు. నేనూ నర్సు మార్లిసూ అతన్ని లోపలికి తెచ్చాం. గుండెకి రక్తం అందించే పెద్ద నాళం గడ్డకట్టి మూసుకుపోయింది. దాన్ని తెరిచే సౌకర్యం మా దగ్గర లేదు. సిటీకి పంపుదామంటే ఆ గాలిలో హెలికాప్టర్ లేవదన్నారు, రోడ్డు మూసేశారు. గడ్డ కరిగించే మందు ఎక్కించాను. అది పనిచేయలేదు. రక్తపోటు పడిపోతూనే ఉంది.

రోగి చేతికి మేం కట్టే పట్టీ మీద పేరూ, దాని కింద పనిచేసిన దళమూ ఉంటాయి. గుమాస్తా పంపిన వెండెల్ పట్టీ మీద దళం ఉండాల్సిన చోట ‘మానవతా దృష్టితో వైద్యం’ అని ఉంది. అంటే ఈ ఆసుపత్రి మీద అతనికి హక్కేమీ లేదన్నమాట. నేను దాన్ని చదవడం అతను చూశాడు.

“సైన్యం నన్ను గెంటేసింది డాక్టరమ్మా,” అన్నాడు. “తమ్ముడు వియత్నాంలో పోతే పాతిపెట్టడానికి సెలవు మీద వచ్చాను. మా అమ్మ నా చొక్కా పట్టుకుని వదల్లేదు. సాకనుకోండి, భయమనుకోండి, తిరిగి వెళ్ళలేదు. పట్టుకెళ్ళి జైల్లో వేశారు. తర్వాత కాగితాల మీద మచ్చ వేసి పంపేశారు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? ఆయాసపడతారు.”

“వాళ్ళకి తెలీదు. వాళ్ళ పక్కన కూచుంటే నేనూ ఒక మనిషినే అనిపిస్తుంది. లోపలికి రానివ్వకండి. ఈ పట్టీ చూస్తారు.”

“పట్టీ తీసేస్తాను.”

“ఓర్విల్ ఊరుకోడు. ఏ వార్డులో చేర్చారు, చేర్చకపోతే ఎందుకు చేర్చలేదు అని అందర్నీ ప్రశ్నలతో కుళ్ళబొడుస్తాడు. ఎవరో ఒకరు చెప్పేస్తారు. వద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను.”

రోగికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. “వెండెల్, మీకింక ఎక్కువసేపు లేదు. మీవాళ్ళెవరైనా పక్కనుంటే బాగుంటుంది,” అన్నాను.

“మీరున్నారుగా.”

ఎవర్నీ లోపలికి రానివ్వనని మాటిచ్చాను. నేనున్నాను. కొద్ది రోజుల్లో ఊరు విడిచి వెళ్ళిపోయే అద్దె మనిషిని, అతని చేయి పట్టుకుని కూర్చున్నాను. తలుపుకున్న గరుకు గాజు మీద మూడు నీడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. కాసేపటికి అతనికి తెలివి చెదిరింది. “ఓర్విల్, ఎక్కడికి పోయావురా?” అన్నాడు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాను. పిడి మీద చెయ్యి కూడా వేశాను. కానీ మాటిచ్చాను. వెనక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఇంకోసారి పిలిచాడు, అంతకంటే చిన్నగా. ఆ తర్వాత పిలవలేదు.

బయటికి రాగానే ఓర్విల్ నా మొహం చూసి టోపీ తీసేశాడు.

“పోయాడా?”

“పోయారు.”

“ఒక్కడైనా పక్కన లేకుండానా? మమ్మల్ని కుక్కల్లా బయట నిలబెడతారా? ఇదేం డాక్టరీ తల్లీ!”

“ఆయనే వద్దన్నారు.”

“మమ్మల్నా? ఎందుకూ?”

చనిపోయినవాడికిచ్చినా మాట మాటే. ఓర్విల్ నన్ను తేరిపార చూశాడు.

“ఆ గెంటేసిన సంగతేనా?”

“మీకు తెలుసా?”

“మాదీ వాడిదీ ఒకే ఊరు, అక్కడ పోస్టాఫీసు చూసింది మా మేనమామే, సైన్యం కాగితం ఆయన చేతి మీదుగానే వచ్చింది. పిల్లి ఈనినా తెలిసిపోయే ఊరమ్మా మాది. వాడు ఇంటికి రాకముందే ఊరంతా తెలుసు.”

“మరి చెప్పొచ్చుగా!” అరిచాను. మార్లిస్ తలెత్తి చూసింది. “తెలుసు, పర్లేదు అని ఒక్క ముక్క! చివరిదాకా మిమ్మల్నే పిలిచాడాయన!”

“వాడు ఎత్తనిది మేమెలా ఎత్తుతాం? తెలుసని తెలిస్తే కాఫీకి రావడం మానేస్తాడేమోనని... వాడి కోసమే నోరు మూసుకున్నాం.”

నాకు వాళ్ళ మీద కోపం, ఆ మర్యాద మీద కోపం, నా మాట మీద నాకే కోపం వచ్చాయి. ఏ కోపమూ దేనికీ పనికిరాలేదు. పక్కకి జరిగి దారిచ్చాను.

ముగ్గురూ లోపలికి వెళ్ళారు. పట్టీ తీసేయడం నేను మర్చిపోయాను. ఓర్విల్ దాన్ని చూశాడు, చదివాడు, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“మాకు తెలుసురా,” అన్నాడు వంగి. “మొదట్నుంచీ తెలుసు.”

వెండెల్‌కి ఎడమ చెవి వినపడదట. ఓర్విల్ మంచం చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళి, మళ్ళీ చెప్పాడు.