కాపరి గొంతుతో

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక స్త్రీ ఒక పుస్తకాన్ని గుండెలకు అదుముకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ళకున్న చెప్పులు రెండూ వేరువేరు జతలవి. వెనక మెట్ల మీద, చేతుల నిండా గ్రీజు మరకలున్న భారీ మనిషి ఒకడు రొప్పుతూ ఎక్కి వస్తున్నాడు.

"ఈ పుస్తకం రాసింది మీరేనా అండీ?"

రచయిత్రి అవునంది. పొద్దున్నే పుస్తకం మీద సంతకం కోసం వచ్చారేమో అనుకుని మనసులో కాస్త విసుక్కుంది కూడా.

"అయితే మా పిల్ల ఎక్కడుందో చెప్పండి," అంది ఆ స్త్రీ.

లోపలికి పిలిచి కూర్చోబెడితే కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. వెంట వచ్చినవాడు ఆమె అన్న, బళ్ళు బాగుచేసే మెకానిక్. ఆమెకు ఒక్కతే కూతురు, పదేళ్ళది. నడవమంటే గెంతుతుందని తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది. ఆ తండ్రి సిటీ బస్సు డ్రైవరు. ఎనిమిది నెలల కింద స్టీరింగ్ ముందే గుండె ఆగిపోయింది. పోతూ పోతూ కూడా బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడట. ఒక్క ప్రయాణికుడికి కూడా గీత పడలేదు.

"మొన్న పొద్దున బడికని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. పోలీసులు బస్టాండ్లు చూశారు, ఆస్పత్రులు చూశారు. ఇవాళ దాని పక్క దులుపుతుంటే ఇది దొరికింది."

ఆమె పుస్తకం తెరిచింది. పేరు "అవతలి గడప". చనిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే ఒక అక్క కథ. చివరి అధ్యాయంలో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. ఒకసారి కాదు, కాగితం చిరిగేదాకా గీసి ఉంది.

సందేహం లేని మనసుతో మూడు పగళ్ళు గడప దగ్గర కాచుకున్నవాళ్ళకు, వాళ్ళు పోగొట్టుకున్న మనిషిని కాపరి తిరిగి ఇస్తాడు.

 ఆ వాక్యం ఎలా పుట్టిందో రచయిత్రికి బాగా గుర్తుంది. దేవుణ్ణి నమ్మని మనిషి ఆమె. మొదట రాసిన ప్రతిలో ఆ అక్క గడప దాకా వెళ్ళి తలుపు తడుతుంది, లోపల ఎవరూ ఉండరు. సంపాదకుడు చదివి, "ఇది పిల్లల పుస్తకమా, చావు కబురా? లోపల ఎవరో ఒకర్ని పెట్టండి, తల్లీ," అన్నాడు. విసుగెత్తి ఒక్క మధ్యాహ్నంలో గడప లోపల దేవుడిలాంటి ఒక కాపరిని సృష్టించి పారేసింది. సందేహం, మూడు పగళ్ళు, ఉపవాసం, అన్నీ ఎడమచేత్తో రాసినవే. దేశమంతా పిల్లలకు నచ్చింది సరిగ్గా అవే.

"అమ్మా, ఇది కల్పన. ఆ చోటు ఎక్కడా లేదు," అంది.

"మరి ఈ నంబర్లేంటి?" అన్నాడు మేనమామ.

పుస్తకం మొదట్లో ఉన్న పటాన్ని చూపించాడు. రచయిత్రి తనే గీసిన పటం అది. నాలుగు చదరపు సరస్సులు, ఒక ఇనప సూర్యుడు, ఆకాశమంత ఎత్తు పుట్టగొడుగు, వాటి నడుమ గడప. పిల్ల ఆ దారుల పక్కన పెన్సిలుతో అంకెలు వేసింది. పన్నెండు. తర్వాత నలభై. పుట్టగొడుగు పక్కన ముప్ఫై ఒకటి.

"బస్సు నంబర్లు," అంది తల్లి. "సెలవుల్లో వాళ్ళ నాన్న వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగేది."

రచయిత్రి పటాన్ని దగ్గరికి లాక్కుంది. ముప్ఫై ఒకటో నంబరు ఆఖరి స్టాపు పాత వాటర్ వర్క్స్. తన తండ్రి అక్కడ పంపు ఆపరేటరు. ఆ క్వార్టర్లలోనే తను పెరిగింది. పుట్టగొడుగంటే నీళ్ళ ట్యాంకు. ఇనప సూర్యుడంటే పంపుల గదిలోని పెద్ద చక్రం. సరస్సులంటే నీళ్ళు వడగట్టే తొట్లు. అది మూతపడి పదకొండేళ్ళయింది. తను కల్పన అనుకున్నదాన్ని ఆ పిల్ల బస్సు కిటికీలోంచి చూసి పోల్చుకుంది.

"ఇవాళ మూడో రోజు కదా?" అంది, చెప్పులు వేసుకుంటూనే.

మేనమామ వ్యాను తోస్తేగానీ కదలని రకం. "ఇది స్టార్టు కాదండీ, బతిమాలితే కదుల్తుంది," అన్నాడు, ఎవరో నవ్వాలని కాదు, ఊరుకోలేక. దారి పొడుగునా తల్లి పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె ప్రార్థిస్తోంది. రచయిత్రికి ప్రార్థించడానికి ఎవరూ లేరు. అందుకని దాటుతున్న స్టాపులు లెక్కపెట్టుకుంది.

గేటుకు తాళం ఉంది. పక్కన కంచె కింద, పదేళ్ళ పిల్ల దూరేంత సందు ఉంది. మేనమామ ఆ తీగలను రెండు చేతులా ఎత్తిపట్టి మిగతావాళ్ళకు దారి చేశాడు. మోచేయి గీరుకుని రక్తం కారినా చూసుకోలేదు.

తొట్లలో నీళ్ళు లేవు, నడుమెత్తు గడ్డి. ముగ్గురూ మూడు దిక్కులా పిలుచుకుంటూ తిరిగారు. తల్లి గొంతు బొంగురుపోయింది. పంపుల గది ముందు ఆమె హఠాత్తుగా ఆగిపోయి కూలబడింది.

గుమ్మం దగ్గర బడి బూట్లు. మేజోళ్ళు లోపల మడిచిపెట్టి, పక్కపక్కన, ఎంతో పొందికగా ఉన్నాయి. అక్కణ్ణించి పది అడుగుల్లో పాత బావి నోరు తెరుచుకుని ఉంది.

మేనమామ చొక్కా విప్పి పారేసి బావి గోడకున్న ఇనప మెట్లు పట్టుకుని దిగాడు. కింద నల్లటి నీళ్ళు. అతను మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. పైన తల్లి కేక పెట్టడం కూడా మానేసి రాయిలా కూర్చుంది. నాలుగోసారి తేలి అతను పైకి చూసి తల అడ్డంగా ఊపాడు. "లేదు. ఇక్కడ లేదమ్మా. దేవుడి దయ, లేదు."

మరెక్కడ? పంపుల గదిలో ఇనప చక్రం కింద ఒక నీళ్ళ సీసా, ఖాళీది, దొరికింది. తినే వస్తువు ఏదీ లేదు. గది మూలలన్నీ చూశారు. ఎంత పిలిచినా బదులు లేదు.

అప్పుడు రచయిత్రికి తొమ్మిదో అధ్యాయం గుర్తొచ్చింది. గడప చేరాక వెనక నుంచి ఎవరు పిలిచినా పలకకూడదు, అమ్మ గొంతైనా సరే. అది కాపరి పెట్టే పరీక్ష. అది కూడా తను రాసిందే.

"పిలవకండి," అంది తల్లి చెయ్యి పట్టుకుని. "మీరు పిలిస్తే పలకదు. నేనే పలకొద్దని రాశాను."

తల్లి ఆమె వంక చూసిన చూపు రచయిత్రి తర్వాత ఎవరికీ వర్ణించి చెప్పలేకపోయింది.

నిశ్శబ్దమయ్యాక వినిపించింది. ఇనుము మీద గోరు గీసినట్టు సన్నటి చప్పుడు. చక్రం వెనక గోడలో పెద్ద పైపు నోరుంది. ఒకప్పుడు బావి నీళ్ళు దాని గుండానే వచ్చేవి. పిల్లలైతే పాకి పోగలరు, పెద్దవాళ్ళు పట్టరు. ముప్ఫై అడుగుల అవతల అది బావి గోడలోకి తెరుచుకుంటుంది, నీళ్ళకు రెండు నిలువుల పైన. చిన్నప్పుడు తండ్రి తనను ఆ పైపు దగ్గరికి వెళ్ళినందుకు ఒకే ఒక్కసారి కొట్టాడు.

మేనమామ భుజాలు దూర్చబోయాడు. ఇరుక్కుని, వెనక్కి వచ్చాడు. లోపల చప్పుడు బావి వైపుకు ఇంకాస్త జరిగింది.

"మీరే ఏదో ఒకటి చెయ్యండి," అంది తల్లి. "ఎవరు పిలిస్తే పలుకుతుంది? ఎవరో ఒకరు పిలిస్తే పలకాలి కదా?"

"కాపరి పిలిస్తే."

"అయితే పిలవండి. అలాగే పిలవండి. ఆ పాపం నాకే ఉంటుంది."

రచయిత్రి మోకాళ్ళ మీద కూర్చుంది. తుప్పు వాసన కొట్టే ఆ చీకట్లోకి మొహం పెట్టింది. జన్మలో ఏ దేవుడి ముందూ వంగని మనిషి, దేవుడి మాటలు తన నోటితో అనాల్సి వచ్చింది.  

"గడప దగ్గర ఉన్నదెవరు?"

పైపు ఆ మాటను పట్టుకుని పెద్దది చేసి లోపలికి మోసుకుపోయింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎండిపోయిన చిన్న గొంతు. "నేను. పిచ్చుకని."

తల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నేను ఎవరు పిలిచినా పలకలేదు," అంది లోపలి గొంతు. "అమ్మలాగే పిలిచారు, అయినా పలకలేదు. ఇక్కడ వెలుగు కనపడుతోంది. అటు రానా?"

"వద్దు!" రచయిత్రి గొంతు కాపరిది కాకుండా పోయింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ తెచ్చుకుంది. "ఆ వెలుగు కాదు. గొంతు వినబడేవైపు రా. వెనక్కి పాకుతూ రా."

"మా నాన్న అటు ఉన్నాడా?"

రచయిత్రి కళ్ళు మూసుకుంది. "ముందు నువ్వు రా."

"ఉన్నాడా, లేడా? లేకపోతే నేను ఇటే వెళ్తాను."

తల్లి వేళ్ళు ఆమె భుజంలోకి దిగబడ్డాయి. "ఉన్నాడని చెప్పండి," అంది చెవిలో. "మీకు పుణ్యం ఉంటుంది, చెప్పండి."

"ఉన్నాడు," అంది రచయిత్రి.

పిల్ల వెనక్కి పాకుతూ రావడానికి ఎంతసేపు పట్టిందో ఆ ముగ్గురిలో ఎవరూ సరిగా చెప్పలేరు. ముందు మురికి పాదాలు కనిపించాయి, తర్వాత చర్మం లేచిపోయిన మోకాళ్ళు. మేనమామ రెండు చేతులా పట్టి లాగేశాడు. పెదవులు పగిలి, కళ్ళు గుంటలు పడి, అయినా ఆ మొహంలో ఒక్క క్షణం నాన్నను చూడబోతున్న కాంతి ఉంది. తల్లిని చూసింది. మామను చూసింది. పుస్తకం అట్ట మీది ఫోటోలో ఉన్న మనిషిని చూసింది. వాళ్ళ వెనక ఖాళీగా ఉన్న గుమ్మాన్ని చూసింది.

"ఏడీ?" అంది.



ఆస్పత్రికి వెళ్ళే దారిలో తల్లి ఒళ్ళో పడుకుని, చెంచాతో తాగించిన నీళ్ళు మింగి, పిల్ల పైకప్పు చూస్తూ చెప్పింది, "నిన్న ఆకలేసింది. ఎవరూ లేరేమో అనిపించింది. ఒక్కసారే. అందుకే రాలేదు కదా నాన్న? నా వల్లే కదా?"

రచయిత్రి పిల్ల పక్కనే వ్యాను నేల మీద కూర్చుని ఉంది. "నీ వల్ల కాదు. కాపరి లేడు, తల్లీ. నేనే కల్పించాను. సందేహం సంగతి కూడా నేనే కల్పించాను."

"ఇందాక పలికింది?"

"అదీ నేనే."

పిల్ల మొహం అటు తిప్పేసుకుంది. తల్లి కన్నీళ్ళతో రచయిత్రి వైపు చేతులెత్తింది. "దాని ప్రాణం తెచ్చి ఇచ్చారు. ఇంకేమీ చెప్పకండి. ఉన్న ఆ కాస్త నమ్మకం కూడా లాక్కోకండి."

పిల్ల వారం రోజుల్లో ఇల్లు చేరింది. తింటుంది, బడికి వెళ్తుంది, గెంతదు, ఎవరితోనూ అక్కర్లేని మాట మాట్లాడదు. రచయిత్రి పుస్తకం మళ్ళీ అచ్చు వేయవద్దని సంపాదకుడికి చెప్పింది. అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఆపాడు. పుస్తకం ఏదని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. పిల్లల మనసులోంచి దేవుణ్ణి తీసేస్తున్నావని ఒకరు, అసలు ఎందుకు పెట్టావని ఇంకొకరు. ఆమె దేనికీ జవాబు రాయలేదు. రాయడానికి కూర్చుంటే చాలు, ఆ పైపులో సన్నటి గొంతు వినబడేది.

ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేది. తల్లి కుర్చీ వేసేది, మంచినీళ్ళు ఇచ్చేది, పిల్ల లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేది. మూడు ఆదివారాలు అంతే. "మీరు రావడం నాకేం కష్టం కాదు," అనేది తల్లి, రమ్మని అనకుండా.

నాలుగో ఆదివారం తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పిల్ల గదిలోంచి వచ్చి నిలబడింది.

"నిజం చెప్పాలి. అబద్ధం చెప్తే నాకు తెలిసిపోతుంది. అవతల ఏమీ లేదా?"

రచయిత్రి తల్లి వంక చూసింది. ఈసారి ఆమె చేతులెత్తలేదు, వద్దనలేదు.

"నాకు తెలీదు," అంది రచయిత్రి. "లేదనే నేననుకుంటాను. మీ అమ్మ ఉందనుకుంటుంది. చూసి వచ్చినవాళ్ళం కాదు ఇద్దరమూ."

"నాన్న?"

రచయిత్రి నోరు తెరిచింది. ఒకసారి ఉన్నాడని చెప్పిన నోరది.

"రాడు," అంది తల్లి. చేతిలో మడత విడిపోయి చొక్కా నేల మీద పడింది. తొమ్మిది నెలలుగా ఆమె, నాన్న మనల్ని చూస్తూనే ఉన్నాడనీ, దేవుడి దగ్గర హాయిగా ఉన్నాడనీ చెప్పింది తప్ప ఆ ఒక్క మాటా అనలేదు. "నాన్న ఇంక రాడమ్మా. దేవుడి దగ్గరే ఉన్నా, ఎక్కడున్నా, మన ఇంటికి రాడు. నేను మూడు రోజులు కాదు, మూడేళ్ళు కూర్చున్నా రాడు."

పిల్ల రచయిత్రి వైపు తిరిగింది. ఆమె కూడా అవునని తలాడించింది.

అప్పుడు ఏడ్చింది పిచ్చుక. తండ్రి శవం ముందు, ఆస్పత్రిలో, పైపులో, ఎక్కడా ఏడవని పిల్ల, గొంతు చించుకుని, నేల మీద పడి, అడ్డొచ్చిన బట్టలన్నీ కాళ్ళతో తన్నుతూ ఏడ్చింది. తల్లి పక్కన పడుకుని పట్టుకుంటే కొట్టింది, కొట్టి కొట్టి అలసిపోయి ఆమె మెడకు చుట్టుకుంది.

రచయిత్రి వెళ్ళిపోదామని లేచింది. "కూర్చోండి," అంది తల్లి నేల మీంచే, పిల్ల జుట్టులో మొహం దాచుకుని. ఆమె మళ్ళీ కూర్చుంది. ఏం చెయ్యాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చుట్టూ చెదిరిన బట్టల్లోంచి ఒక చిన్న గౌను తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.