పసుపు పెట్టిన గడి

నల్గొండ గడియారం చౌరస్తా వెనక సందులో మక్సూద్ వీడియో గేముల దుకాణం చిన్నది, దాని గొప్పలు మాత్రం పెద్దవి. రెండు టీవీలు, నాలుగు కుర్చీలు, తల తిప్పనని మొరాయించే ఒక టేబుల్ ఫ్యాను. అయినా తొంభై ఆరో సంవత్సరంలో ఆ సందులో మక్సూద్ అంటే మాటలు కాదు. హైదరాబాదు నుంచి వచ్చే ఒక పిల్లల వారపత్రికలో "ఆటల గుట్టు" అనే శీర్షిక ఉండేది. ఏ ఆటలో ఏ కిటుకు దాగి ఉందో రాసి పంపితే, పంపినవాళ్ళ పేరుతో అచ్చువేసేవాళ్ళు. పదకొండుసార్లు ఆ పేరు మక్సూద్‌దే. పదకొండు ముక్కలూ కత్తిరించి గోడకు అతికించుకున్నాడు. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఆ గోడ బాగా కనిపించేలా కాస్త పక్కకు జరిగి నిలబడేవాడు కూడా.

అతన్ని మూడేళ్ళుగా ముప్పుతిప్పలు పెట్టింది ఒక్క కోట ఆటే. దాని అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, డబ్బా మీదున్నవన్నీ జపాను అక్షరాలు. కత్తి పట్టుకున్న చిన్న మనిషి కోటలోకి వెళ్తాడు, రాక్షసులను కొడతాడు, గోడల వెంట పరుగెత్తీ పరుగెత్తీ చివరికి బయల్దేరిన గుమ్మం దగ్గరికే వచ్చి పడతాడు. అంత కోట కట్టి లోపల ఏమీ పెట్టలేదంటే మక్సూద్‌కు మింగుడుపడేది కాదు.

దుకాణం ఎదురుగానే వీధి నల్లా. మధ్యాహ్నం నీళ్ళు వదిలే వేళకు వెనకింటి రాజమణి బిందె వరసలో పెట్టి, నీడ కోసం దుకాణం గడపలో కూర్చునేది. వాళ్ళది చిటికి చీరలు నేసే ఇల్లు. మగ్గం మీద మొగుడు రామచంద్రయ్య కూర్చుంటే, గళ్ళ కాగితం మీద పూవులు దించేదీ, ఆ గళ్ళ లెక్కన నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచేదీ రాజమణి. ఒకరోజు ఆమె టీవీ వంక చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి చెయ్యెత్తింది.

"తమ్మీ, జర ఆపు. గా గోడల పోగు తప్పింది."

మక్సూద్ నవ్వాడు. "పోగేంది అక్కా? అది ఇటుకల గోడ."

"ఇటుకలైతేంది? ఎనిమిది గళ్ళకోసారి అదే అల్లిక మల్ల వస్తాంది. గాడ మాత్రం ఒక్క గడి జరిగింది. ఇంత పనితనమున్నోడు ఊకెనే తప్పడు. కావాల్నని జరిపిండు."

మర్నాడు ఆమె గళ్ళ కాగితమూ పెన్సిలూ తెచ్చుకుంది. మక్సూద్ ఆట నడిపేవాడు, ఆమె ఆపమన్నచోట ఆపేవాడు, ఆమె ఇటుకకో గడి చొప్పున దించేది. బిందె నిండి పొర్లిపోతున్నా పట్టేది కాదు. నల్లా దగ్గరి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పన్నెండు రోజులు గడిచాక ఆరు కాగితాలను అంబలితో అతికించి నేల మీద పరిచింది. మక్సూద్ నోరు వెళ్ళబెట్టాడు. మూడేళ్ళు తను తిరిగిన కోట అది! ముక్కలుముక్కలుగా తప్ప ఎన్నడూ చూడని ఆ కోట మొత్తం, బురుజులతో, బావితో, చిక్కుపడిన దారులతో, ఒకే చీర పరిచినట్టు కాళ్ళ ముందుంది. దాని మీద కాలు పెట్టడానికి మనసొప్పక చెప్పులు విడిచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇగ ఆడు. నేను లెక్క చెప్త" అంది రాజమణి.

ఆమె పెదాల మధ్యే ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంటే అతను గుమ్మం నుంచి మనిషిని నడిపించాడు. "రెండువందల పన్నెండు. కొట్టు" అంది. కొట్టాడు. గోడ చప్పుడు లేకుండా తెరుచుకుంది.

లోపల రాక్షసులు లేరు, నిధి లేదు. నీలం రంగు గది. తొమ్మిది మంది చిన్న మనుషులు వరసగా చాప మీద కూర్చుని ఉన్నారు. ఒకరికి కళ్ళద్దాలు, ఒకరికి బట్టతల, ఒక ఆమెకు జడ. ఒక్కొక్కరి కింద నాలుగైదు అక్షరాలు. ఆట పొడుగునా మోగే సంగీతం కూడా అక్కడ ఆగిపోయింది.

రాజమణి వంగి ఆ అక్షరాలను చూసి మెల్లగా అంది. "గివి పేర్లు తమ్మీ. గీ ఆట నేసినోళ్ళు."

మక్సూద్ తెరకు దగ్గరగా జరిగాడు. ఎక్కడో సముద్రాలవతల ఎవరో తొమ్మిది మంది గోడ వెనక కూర్చుని, ఎవరైనా వస్తారేమోనని ఇన్నేళ్ళుగా చూస్తున్నారు. నల్గొండ నుంచి రాజమణి వచ్చింది. అతను టీవీ కట్టేసిన తర్వాత కూడా ఆ తొమ్మిది ముఖాలూ కళ్ళలోనే ఉన్నాయి. మళ్ళీ ఆ గోడ తెరవాలంటే, పిలవకుండా ఒకరింట్లోకి వెళ్తున్నట్టు జంకు పుట్టింది.

ఆ జంకు పత్రికకు పంపడానికి మాత్రం అడ్డురాలేదు. రాజమణినడిగి పటం తీసుకుని, తెల్ల కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాశాడు. కింద చెయ్యి అలవాటు కొద్దీ "మక్సూద్, నల్గొండ" అని రాసేసింది. ఒక్క క్షణం ఆగాడు. ఆటలే ఆడని మనిషి, అచ్చులో పేరు పడితే ఏం చేసుకుంటుందిలే అనుకున్నాడు. అలా అనుకోవడం ఎంత సులువో!

పత్రిక నిండు పేజీ వేసింది. వెంటనే సంపాదకుడి ఉత్తరం కూడా వచ్చింది: వచ్చే నెల నుంచి వారం వారం అరపేజీ మీకే, పైన మీ పేరుతో. మక్సూద్ నేల మీద నడవడం మానేశాడు. ఆదివారం దుకాణంలో జనం కిక్కిరిసి "గా గది సూపియ్యన్నా" అన్నారు. అతను దర్జాగా కూర్చుని, పత్రికలోని లెక్క ప్రకారం గుమ్మం నుంచి రెండువందల పన్నెండో ఇటుకను కొట్టాడు. గోడ కదల్లేదు. గంటసేపు కొట్టాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మరో నాలుగు రోజులకు నకిరేకల్ నుంచి, హాలియా నుంచి కార్డులు దిగాయి: మీరు రాసింది అబద్ధం.

పటమూ పత్రికా చంకన పెట్టుకుని రాజమణి ఇంటికి వెళ్ళాడు. ఆమె నూలుకు ముడులు కడుతోంది. పత్రిక అందుకుని కూడబలుక్కుంటూ చదివింది. అడుగున ఉన్న పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. మక్సూద్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె తన పటాన్ని పక్కన పరిచి రెండూ పోల్చి చూసింది.

"పసుపేది?" అంది.

"ఏం పసుపు?"

ఆమె తన కాగితంలో బావి పక్క గడిని చూపించింది. దాని మీద చిన్న పసుపు చుక్క.

"అది... కూర మరక అనుకున్న అక్కా. నీట్‌గ ఉండాలని ఇడిసిపెట్టిన."

రాజమణి ఫక్కున నవ్వింది. "మేము ఏ పూవు దించినా మొదటి గడికి పసుపు పెట్టి మొదలువెడ్తం. లెక్క ఆడికెల్లే మొదలు. నువ్వు గుమ్మం కాడికెల్లి లెక్కవెట్టినవ్. గోడల అల్లిక మొదలైతాంది బావి కాడ."

"తప్పైంది. పేరు గూడ..." మక్సూద్ అచ్చులోని ఆ పేరు మీద చెయ్యి కప్పాడు.

"పేరు ఉండనీ తమ్మీ. మేం నేసిన చీరల మీద మా పేరుంటదా?" అని ముడి బిగించింది. తలెత్తకుండానే మళ్ళీ అంది. "గని గా తొమ్మిది మంది గోడెనక పేర్లెందుకు దాసుకున్నరో, నువ్వు జెప్పకున్నా నాకు తెలిసింది. డబ్బా మీద ఆళ్ళ పేర్లు ఎవ్వలూ ఎయ్యకపోయి ఉంటరు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మక్సూద్ పటం తీసుకుని ఇంటికొచ్చి, చుక్కతో సహా మళ్ళీ ఎత్తి రాసి, దానికి జతగా సంపాదకుడికి ఉన్నదున్నట్టు రాశాడు. కనుక్కున్నది నేను కాదు, పటం గీసింది నేను కాదు, నేను చేసిందల్లా ఆ పటాన్ని తప్పుగా ఎత్తి రాయడం. అరపేజీ పోతుందని తెలుసు. కవరు పోస్టు డబ్బాలో వేసేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి లాగింది కూడా. వేశాడు.

అరపేజీ పోయింది. సంపాదకుడు ఆ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు. కానీ ఆ వారం పత్రికలో బావి పక్క గడి మీద చుక్కతో పటం మళ్ళీ పడింది, కింద: "కనుగొన్నది, పటం గీసినది: రాజమణి, నల్గొండ." మక్సూద్ పాత పదకొండు ముక్కలూ పీకేసి, గోడ మధ్యలో దాన్నొక్కటే అతికించాడు.

పది రోజుల తర్వాత దుకాణం చిరునామాకు హాలియా నుంచి ఒక కార్డు వచ్చింది. నల్లా దగ్గర నిలబడ్డ రాజమణి చేతికిచ్చాడు. గది తెరుచుకుందనీ, ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ తొమ్మిది మందినీ చూశామనీ, మీకు దండాలనీ రాసి ఉంది. ఆమె ఆ సంగతులు తర్వాత చదివింది. ముందు చిరునామానే రెండుసార్లు చదివింది.

"శ్రీమతి రాజమణి గారికి... గిది నాకేనా? మా ఇంటికి అచ్చేయన్నీ ఆయన పేరు మీదనే అస్తయి."

"నీకే అక్కా."

బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్ళింది. మక్సూద్ ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. రాజమణి కార్డును మోకాలి మీద పెట్టుకుని, పసుపు గిన్నెలో వేలు ముంచి, తన పేరులోని మొదటి అక్షరం పక్కన పసుపు పెడుతోంది.