గీత పెట్టని సోమవారం

వరదకి రన్‌వే మునిగిన ఏడాది కాదు, ఆ మరుసటి ఏడు జరిగింది ఇది. నీళ్లు మూడు రోజుల్లో తీశాయి. విమానాల కంపెనీ మాత్రం తేరుకోలేదు. అప్పటికే అప్పులతో కుంటుతోంది, ఆ దెబ్బకి చతికిలబడింది. జీతాలు ఆగిపోయాయి. పనివాళ్లు తలో దిక్కూ పోయారు.

టైర్ల మేస్త్రి పోలేదు. షెడ్డులో మిగిలిన ఒక్క విమానాన్నీ కనిపెట్టుకుని ఉండిపోయాడు. కదలకుండా నిలబెడితే బరువంతా ఒకే చోట పడి టైరు చదునైపోతుంది, లోపల బేరింగులూ పట్టేస్తాయి. అందుకని ప్రతి సోమవారం జాకీతో ఎత్తి, ఒక్కో చక్రాన్నీ పావు చుట్టు తిప్పేవాడు. తిప్పాక గోడ మీద సుద్దతో ఒక గీత. సంతకం కాక అతనికి చేతనైన రాత అదే.

గేటు దగ్గర వాచ్‌మన్ అతని బావమరిది. జాకీ పట్టడానికి వచ్చినప్పుడల్లా నోరు ఊరుకునేది కాదు.

"మా అక్క కాళ్లు ఏనాడైనా పట్టావా బావా? దీని కాళ్లు మాత్రం వారం వారం పడుతున్నావు."

మేస్త్రి నడుం పట్టుకుని లేచేవాడు.

ఎండలు ముదిరే వేళకి కంపెనీని ఎవరో కొన్నారని కబురు వచ్చింది. విమానం పనికొస్తే మళ్లీ ఎగురుతుంది, పాతవాళ్లని పిలుస్తారు. పనికిరాకపోతే తుక్కు కింద కోస్తారు. చూసి చెప్పడానికి తనిఖీ ఆవిడ ఒకరు వచ్చారు. రెండు రోజులు ఇంజన్లూ రెక్కలూ చూశారు. మూడో రోజు, ఆదివారం, చక్రాల దగ్గర ఆగి రిజిస్టరు అడిగారు. ఏడాదంతా చూసుకున్నట్టు రుజువు లేకపోతే అన్నీ విప్పి చూడాలి, అంత ఖర్చు కొత్తవాళ్లు పెట్టరు అన్నారు.

మేస్త్రి గోడ చూపించాడు.

ఇవి నిన్న ఒక్క పూటలో గీసినా ఇలాగే ఉంటాయి కదా అన్నారావిడ. కోపంగా అనలేదు, అలిసిపోయి అన్నారు. ఇలాంటి షెడ్లు ఎన్ని చూశారో. బ్యాగు భుజాన వేసుకోబోతూ ఆవిడ మళ్లీ గోడకేసి చూశారు. వరసలో ఒకచోట గీత లేదు. గీత పట్టేంత ఖాళీ ఉంది.

"ఇక్కడేమైంది?"

"ఆ సోమవారం తిప్పలేదమ్మా. మా ఆవిడకి ఆపరేషను. ఆస్పత్రిలో ఉండిపోయాను."

"గీత పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"తిప్పందే ఎలా పెడతాను?"

పక్కనున్న బావమరిది తల పట్టుకున్నాడు.

ఆవిడ బ్యాగు కింద పెట్టారు. గీతలన్నీ వేలితో లెక్కపెట్టి కాగితం మీద వారం వారం రాసుకున్నారు. ఖాళీ వచ్చిన చోట 'తిప్పలేదు' అని రాశారు. చదివి వినిపించి, సంతకం పెట్టమన్నారు. మేస్త్రి అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టాడు.

"ఎగురుతుందా అమ్మా?"

"ఎగురుతుంది. టైర్లు మాత్రం కొత్తవి వేస్తారు. అది రూలు."

ఆవిడ వెళ్లాక బావమరిది నవ్వాపుకోలేకపోయాడు. ఏడాది పాటు పట్టిన కాళ్లు తీసి పారేస్తారట బావా అన్నాడు. మేస్త్రి సుద్దముక్క జేబులో వేసుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు సోమవారం. కొత్త టైర్లు ఇంకా రాలేదు. మేస్త్రి పొద్దున్నే వచ్చి, జాకీతో ఎత్తి చక్రాలు తిప్పి, గీత పెట్టాడు.