సూది దిగేదాకా

జేజు దీవి పడమటి ఒడ్డున ఉన్న సొక్‌పో రేవులో, పడవ నడిపే బు సున్‌దొక్ మీద అందరికీ ఒకటే ఫిర్యాదు. పడవ గట్టుకు చేరి తాళ్ళు బిగించాక కూడా ఆ మనిషి ఇంజను ఆపదు. రేసు పూర్తిగా తగ్గించి, మెల్లగా తిరగనిచ్చి, ఇంజను వేడి చూపే సూది వంక చూస్తూ అయిదు నిమిషాలు అలాగే కూర్చుంటుంది. నాలుగు గంటలు సముద్రంలో మునిగి శంఖాలు, నత్తలు ఏరుకొచ్చిన ఆరుగురు ఆడవాళ్ళు తడి రబ్బరు బట్టల్లో వణుకుతూ గట్టు మీద నిలబడాలి. వాళ్ళను స్నానాల షెడ్డుకు తీసుకెళ్ళే వ్యాను నడిపేది కూడా ఆమే మరి.

"మొగుడు పక్కన ఇంతసేపు కూర్చున్నావా ఎప్పుడైనా?" అనేది గుమ్‌న్యో. ఆమెకు డెబ్భై ఒకటి. మునిగే ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు.

"ఆయన ఇంత బుద్ధిగా ఎప్పుడూ తిరగలేదు పిన్నీ," అనేది సున్‌దొక్, సూది మీంచి చూపు తిప్పకుండా.

అందరికంటే ఎక్కువ సణిగేది ఇన్‌సుక్. సున్‌దొక్‌కి సొంత చెల్లెలు, నాలుగేళ్ళు చిన్న. "మా అక్కకి రక్తం కాదు, డీజిలు పారుతుంది ఒంట్లో," అని అందరి ముందూ అనేసేది.

సున్‌దొక్ ఏమీ అనుకునేది కాదు. ఈ పడవ పని ఒప్పుకోకముందు పదకొండేళ్ళు ఆమె రేవు పక్కనున్న మెకానిక్ షెడ్డులో విప్పిన ఇంజను భాగాలు కడిగింది. ఏ ఇంజను ఎందుకు చచ్చిందో మెకానిక్‌కన్నా ముందు ఆమె చేతులకే తెలిసేది. ఇంజనులోకి గాలి ఎక్కించే టర్బోలు ఎన్నో వచ్చేవి. పూర్తి వేగంతో పరిగెత్తించి, అలాగే ఠక్కున ఆపేసిన ఇంజన్లవి. టర్బోలోని సన్నటి ఇరుసు నిప్పులా కాలుతూ ఉంటుంది. ఇంజను ఆగగానే దానికి అందే ఆయిలూ ఆగిపోతుంది. మిగిలిన చుక్కలు అక్కడే మాడి, అన్నం గిన్నె అడుగులా నల్లగా పెచ్చుకట్టేస్తాయి. ఒకసారికి ఏమీ కాదు. వందసార్లకి ఇరుసు పట్టేస్తుంది. ఆ మాడు గీకీ గీకీ సున్‌దొక్ గోళ్ళు అరిగిపోయాయి. అందుకే మునిగే ఆడవాళ్ళ సంఘం ఈ పడవ అప్పగించిన రోజే ఆమె ఒక మాట చెప్పింది: "నడపమంటే నడుపుతాను. ఆపడం మాత్రం నా పద్ధతిలోనే ఆపుతాను."

ఆ రేవులో టర్బో ఇంజనున్న పెద్ద పడవ ఇంకొకటే ఉంది. కాంగ్ చాంగ్‌హోది. యాభై దాటినా కుర్రతనం పోని మనిషి. గట్టుకు రావడం, ఇంజను కట్టేయడం, ఒక్క గెంతులో ఒడ్డెక్కడం అన్నీ ఒక్క క్షణంలో చేసేవాడు. "ఇంజనంటే ఎద్దా అక్కా, కుడితి పెట్టి వీపు నిమరడానికి?" అని ఎగతాళి చేసేవాడు. ఆ ఏడు ఫిబ్రవరిలో అతని టర్బో పట్టేసింది. పడవ షెడ్డుకెక్కింది. ఆ పైన ఎగతాళి కాస్త తగ్గించాడు కానీ, కారణం మాత్రం ఒప్పుకోలేదు. సరుకే మంచిది కాదన్నాడు.

మార్చి నెలలో మూడు రోజుల గాలి తర్వాత సముద్రం తేట పడింది. పొద్దున్నే ఆరుగురినీ ఎక్కించుకుని సున్‌దొక్ నీటికాకుల దిబ్బకు బయలుదేరింది. అది పోటుకు మునిగే రాతి దిబ్బ, ఒడ్డు నుంచి ఇరవై అయిదు నిమిషాల దారి. గాలికి తెగిన నాచు నీళ్ళ మీద చాపల్లా తేలుతోంది. వాటిని తప్పించుకుంటూ, నెమ్మదిగా, అరగంట దాటాక చేరారు.

పదకొండు కావస్తుండగా గాలి మళ్ళీ తిరిగింది. అందర్నీ పిలిచేద్దామని హారను మీద చెయ్యి వేసిన సున్‌దొక్ నీళ్ళ మీద తేలుతున్న, మనిషికొకటి చొప్పున ఉండే బుడ్లు లెక్కపెట్టింది. ఆరు ఉన్నాయి. వాటి పక్కన తలలు అయిదే. అంతలోనే గుమ్‌న్యో కేక వినిపించింది. ఆమె ఇన్‌సుక్‌ని చంకల కింద పట్టుకుని పైకి లేపుతోంది. ఇన్‌సుక్ ముఖం బూడిద రంగులో ఉంది.

ఇద్దరూ కలిసి ఆమెను పడవలోకి చేర్చారు. ఊపిరి ఉంది. "రొమ్ము మీద... ఎవరో కూర్చున్నట్టుంది," అంది ఇన్‌సుక్, మాట కూడదీసుకుని.

మిగతా నలుగురూ దిబ్బ పొడుగునా, దూరంగా చెల్లాచెదురుగా ఉన్నారు. ఒక్కొక్కరినీ ఏరుకునేసరికి అరగంట పడుతుంది.

"నువ్వు పో," అంది గుమ్‌న్యో నీళ్ళలోంచే. "మేం దిబ్బెక్కి కూర్చుంటాం. పోటు వచ్చి దిబ్బ మునగడానికి ఇంకా రెండు గంటలుంది."

"గాలి పెరిగితే అంతసేపు ఆగదు పిన్నీ."

"అయితే తొందరగా రా. నాతో మాట్లాడుతూ కూర్చుంటావేంటి?"

సున్‌దొక్ రేసు పూర్తిగా తోసింది. సంఘం పనుల కోసం మాత్రమే వాడే ఫోనులో అంబులెన్సుకీ, తీర రక్షణ పడవకీ చెప్పింది. అంబులెన్సు వస్తుంది. రక్షణ పడవ దక్షిణాన ఇంకో ప్రమాదం దగ్గర ఉంది, గంట పైనే పడుతుందన్నారు. ఇన్‌సుక్ తల ఆమె కాలి దగ్గర, మడిచిన తార్పాలిన్ మీద ఉంది. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో చెల్లెలి మణికట్టు. నాచు తప్పించడానికి టైము లేదు. చాపల మీంచే దూసుకుపోయింది.

రేవు నోరు కనిపించేసరికి సూది ఎక్కడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఎనభై దగ్గర నిలిచేది తొంభై దాటింది. వెనక్కి తిరిగి చూసింది. ఇంజనును చల్లార్చి పొగ గొట్టంలోంచి ఎప్పుడూ దబదబా పడే సముద్రపు నీరు సన్నటి ధారగా, ఆవిరితో పడుతోంది. నీళ్ళు లాక్కునే జల్లెడకు నాచు పట్టేసింది.

గట్టుకు చేరేసరికి తొంభై ఏడు. ఎర్ర గీతకు ఇంకా మూడు డిగ్రీలే తక్కువ. అంబులెన్సు వచ్చి ఉంది. చాంగ్‌హో, రేవు గుమాస్తా, ఇద్దరు ఆసుపత్రి వాళ్ళు కలిసి ఇన్‌సుక్‌ని స్ట్రెచర్ మీదికి ఎత్తారు. సున్‌దొక్ రేసు మొత్తం తగ్గించి, గేరు తీసి, అక్కడే నిలబడింది.

"మీరు బంధువులా? రండి," అన్నాడు ఆసుపత్రి మనిషి.

"అక్కని. రాలేను. దిబ్బ మీద అయిదుగురున్నారు."

స్ట్రెచర్ మీంచి ఇన్‌సుక్ తల తిప్పి చూసింది. ఏదో అంది. ఇంజను చప్పుడులో వినపడలేదు.

చాంగ్‌హో పడవలోకి గెంతాడు. "నాచు పట్టింది కదా. ఆపు, జల్లెడ నేను విప్పుతా." అంటూ ఇంజను ఆపే పిడి మీద చెయ్యి వేశాడు.

సున్‌దొక్ అతని మణికట్టు పట్టుకుంది. "తియ్యి చెయ్యి."

"అక్కా, నీకు మతి పోయిందా? వాళ్ళక్కడ చస్తుంటే ఇప్పుడు కూడానా ఈ పూజ?"

"ఇరవై నిమిషాలు పూర్తి రేసులో వచ్చాను. నీళ్ళు సరిగా అందలేదు. ఇప్పుడు కట్టేస్తే లోపలి నీళ్ళు కదలక ఉన్న చోటే మరిగిపోతాయి. మళ్ళీ స్టార్టు కాకపోతే నీ పడవ తెస్తావా?"

చాంగ్‌హో పిడి మీంచి చెయ్యి తీశాడు.

"సూది చూడు," అంది సున్‌దొక్. "దిగుతోంది. ఈ రేసుకి ఆ సన్న ధార చాలు. ఎక్కుతూ ఉంటే నేనే కట్టేసేదాన్ని, నువ్వు చెప్పక్కర్లేదు. పోయి రెంచీ పట్రా. వస్తూ వస్తూ నా వ్యానులో కంబళ్ళున్నాయి, అవి తీసుకురా."

అతను పరిగెత్తాడు. అంబులెన్సు తలుపు మూసుకుంది. సున్‌దొక్ అటు చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగవని ఆమెకు తెలుసు. తొంభై ఆరు. తొంభై నాలుగు. గట్టు మీద పోగైన నలుగురైదుగురు ఏదేదో అంటున్నారు. కన్నపేగు కాకపోయినా తోడబుట్టింది కదా, ఈమెకు గుండె లేదు అన్నది ఒక గొంతు. తొంభై ఒకటి. సైరను రోడ్డెక్కి, మలుపు తిరిగి, సన్నబడిపోయింది. ఆమె రెండు చేతులూ ఇంజను పెట్టె అంచు మీద బిగించి పట్టుకుంది. ఎనభై ఎనిమిది. ఎనభై అయిదు.

నాలుగున్నర నిమిషాలకు ఇంజను కట్టేసింది.

తర్వాతంతా చకచకా జరిగింది. నీళ్ళు లోపలికి వచ్చే వాల్వు మూసింది. చాంగ్‌హో జల్లెడ మూత విప్పాడు. లోపల గోధుమరంగు నాచు ముద్ద, దాని మధ్య తెగిన నైలాను తాడు. వేళ్ళతో పీకి పడేశారు. మూత బిగించి, వాల్వు తెరిచి, బటను నొక్కింది. మొదటి తిప్పుడుకే ఇంజను అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు ఎప్పటిలా దబదబా పడ్డాయి.

"నేనూ వస్తా," అన్నాడు చాంగ్‌హో.

"రాక? తాడెవరు విసురుతారు?"

వాళ్ళు చేరేసరికి దిబ్బ సగం మునిగింది. అలలు పైదాకా కొడుతున్నాయి. అయిదుగురూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని నడిమి రాతి మీద నిలబడి ఉన్నారు. పడవను రాతికి తగలకుండా, దూరం పోకుండా నిలపాలి. అల వచ్చినప్పుడల్లా రేసు పెంచి వెనక్కి లాగడం, అల పోగానే ముందుకు తోయడం. అలా పదిహేనుసార్లో ఇరవైసార్లో. ఒక్కసారి ఇంజను తడబడినా పడవ రాతి మీద ఉండేది. తడబడలేదు. చాంగ్‌హో తాడు విసిరాడు. ఒక్కొక్కరూ అల మీద దూకి, తాడు పట్టుకుని వచ్చారు. చివరన గుమ్‌న్యో వచ్చింది, శంఖాల వల భుజాన వేలాడుతూనే ఉంది.

"అది వదిలేయొచ్చుగా పిన్నీ," అన్నాడు చాంగ్‌హో, లాగి లాగి ఆయాసపడుతూ.

"పొద్దుటి నుంచీ నువ్వు మునిగావా, నేను మునిగానా?" అంది గుమ్‌న్యో పళ్ళు టకటకమంటుంటే. తర్వాత కంబళి చుట్టుకుని, "ఇన్‌సుక్?" అంది.

"ఊపిరుంది. అంబులెన్సెక్కింది."

"నువ్వు వెళ్ళలేదా?"

సున్‌దొక్ పడవను రేవు వైపు తిప్పింది.

ఆ రోజు గట్టుకు చేరాక కూడా సున్‌దొక్ అయిదు నిమిషాలు సూది ముందు కూర్చుంది. ఆడవాళ్ళు మాత్రం ఆగలేదు. వ్యాను తాళాలు చాంగ్‌హో చేతిలో పెట్టించి, అతన్ని తోలమని స్నానాలకు వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే మిగిలింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఇంజను కట్టేసి, వాల్వు మూసి, జల్లెడ మళ్ళీ ఒకసారి విప్పి చూసి, మూత బిగించి, ఆసుపత్రికి బస్సెక్కింది.

ఇన్‌సుక్ గుండె రక్తనాళంలో అడ్డు పడిందట. సన్నటి గొట్టం వేసి తెరిచారు. మర్నాడు పొద్దున లోపలికి వెళ్ళనిచ్చారు. సున్‌దొక్ కమలాపండ్లు వలిచి ఒక్కో తొనా అందిస్తుంటే, ఇన్‌సుక్ సగం పండు తినేసింది.

"నిన్ను పిలిచాను," అంది చివరికి.

"చూశాను. వినపడలేదు."

"చచ్చిపోతున్నాననుకున్నాను. పక్కన ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు. నువ్వేమో ఇంజను పక్కన."

"నేనొస్తే నీకేం చేసేదాన్ని? చెయ్యి పట్టుకునేదాన్ని. వాళ్ళు మునిగిపోయేవాళ్ళు."

"తెలుసు. గుమ్‌న్యో పిన్ని అంతా చెప్పింది. నువ్వు చేసింది తప్పని నేననడం లేదు." ఇన్‌సుక్ తొన చేతిలోనే పెట్టుకుంది. "అయినా నేనైతే వచ్చేసేదాన్ని అక్కా. అయిదుగురు గుర్తుకొచ్చేవాళ్ళు కాదు నాకు."

సున్‌దొక్ ఇంకో పండు తీసి వలవడం మొదలుపెట్టింది.

డాక్టరు ఇకపై మునగొద్దన్నాడు. ఏప్రిల్‌లో ఇన్‌సుక్ రబ్బరు బట్టలేసుకుని రేవుకు వచ్చింది. సున్‌దొక్ పడవెక్కనివ్వలేదు. గట్టు మీద అందరూ చూస్తుండగా అక్కాచెల్లెళ్ళు అరుచుకున్నారు. "నీ పడవా ఇది? సంఘానిది," అంది ఇన్‌సుక్. "సంఘానిదే. నడిపేది నేను," అంది సున్‌దొక్. ఇన్‌సుక్ రెండు వారాలు మాట్లాడలేదు. మాట్లాడకుండానే సున్‌దొక్ రోజూ బార్లీ అన్నం, నాచు చారు తీసుకెళ్ళి ఆమె గుమ్మంలో పెట్టింది. కడిగిన ఖాళీ గిన్నెలు గుమ్మంలోనే ఉండేవి.

దారి గుమ్‌న్యోయే చూపించింది. "నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. పడవ మీద ఉండి తలలు లెక్కపెట్టే మనిషి కావాలి. సున్‌దొక్‌కి సూది తప్ప ఇంకేమీ కనపడదు," అని సంఘంలో అడిగింది.

మే నెలలో ఇన్‌సుక్ మామూలు పూల బట్టల్లో, పెద్ద టోపీ పెట్టుకుని పడవెక్కింది. అక్క వంక చూడకుండా ముందు భాగంలో కూర్చుంది. నీటికాకుల దిబ్బ దగ్గర అయిదుగురూ నీళ్ళలోకి దిగారు. ఒక్కొక్కరూ పైకి వచ్చి, ఈల వేసినట్టు ఊపిరి వదులుతున్నారు. ఇన్‌సుక్ వేలు చాపి గట్టిగా లెక్కపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

ఆగింది. సున్‌దొక్ చుక్కాని దగ్గర లేచి నిలబడింది.

"అయిదు," అంది ఇన్‌సుక్. "కూర్చో."