ధనియాలకు బదులు

ధనియాల డబ్బా తిరగేసి తట్టింది. కాస్త పొట్టు రాలింది, అంతే. పొయ్యి మీద కూర ఉడుకుతోంది.

ఫరవాలేదు. ధనియాలకు బదులు జీలకర్ర వెయ్యొచ్చు. సగమే వెయ్యాలి. ధనియాలు నెమ్మదస్తులు, జీలకర్రకు నోరెక్కువ. మిరియాలు లేకపోతే ఎండుకారంతో నెట్టుకురావచ్చు గాని, మిరియం గొంతులో మండుతుంది, కారం నాలుక కొస మీదే మండి ఊరుకుంటుంది. యాలకులకు బదులు దాల్చినచెక్క వేస్తే వాసన వస్తుంది, ఆ చలవ రాదు. ఇవి ఆమెకు ఎవరూ నేర్పలేదు. డబ్బాలు ఖాళీ అయినప్పుడల్లా ఒక్కొక్కటే తెలిశాయి. ఆసుపత్రి క్యాంటీన్‌లోనూ ఆమెది ఇదే బతుకు. పెద్ద వంటావిడ సెలవు పెడితేనే ఆమెకు కబురొస్తుంది. అక్కడ అందరూ ఆమెను బదులు మనిషి అంటారు. ఆ పెద్ద వంటావిడ నిన్నటితో పని మానేసింది. ఆ చోటు నీకే ఇస్తాం, రేపటినుంచి రోజూ రావాలి, ఇవాళ భోజనాల వేళకల్లా బదులు చెప్పమన్నాడు మేనేజరు.

పొద్దున భర్తకు చెప్పింది. అతనికి సెలవురోజు, మంచం దిగలేదు. "రాదని నేను చెప్తాలే. వంటేగా, వాళ్ళకి ఎవరో ఒకరు దొరుకుతారు" అన్నాడు. అటు తిరిగి పడుకుని, "ఇంట్లో నీకు బదులు ఎవరున్నారే? అమ్మకి చూస్తే మోకాళ్ళ నొప్పులు" అన్నాడు.

ఆ మాటకు మొదట కాస్త పొంగింది కూడా. తర్వాత ఆ మాటే కాళ్ళకు అడ్డం పడుతూ వంటింటి నిండా తిరిగింది. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. అక్కడి వంటకైతే ఎవరో ఒకరు దొరుకుతారట. ఇక్కడి వంటకు బదులే లేదట. చెయ్యి అదే, గరిటె అదే. పెళ్ళైన కొత్తలో అత్తగారు నవ్వుతూనే అంది, "మా ఇంట్లో కోడళ్ళు బదులు చెప్పరమ్మా" అని. తను తలూపింది. ఇన్నేళ్ళూ ఎవరికో ఒకరికి బదులు నిలబడిందే గాని, ఎవరికీ బదులు చెప్పలేదు.

ఆ ఆలోచనలో చెయ్యి సగం దగ్గర ఆగలేదు. జీలకర్ర నిండుగా పడింది.

భోజనాల దగ్గర అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఏంటే అమ్మాయ్, జీలకర్ర అరుస్తోంది?"

"ధనియాలు లేవత్తయ్యా."

"ఉద్యోగం గాలి తగిలిందమ్మా దీనికి" అన్నాడు భర్త. "కూరకి కూడా నోరొచ్చింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె వడ్డిస్తూనే ఉంది.

అంతలో ఫ్రిజ్ మీద ఆమె ఫోను మోగింది. అతను ఎడంచేత్తో అందుకున్నాడు. "ఆ, చెప్పండి మేనేజరుగారూ. ఆవిడకి బదులు నేను మాట్లాడుతున్నా. అసలేంటంటే, ఆవిడ రావడం..."

ఆమె గరిటె కింద పెట్టి చెయ్యి చాపింది. పసుపు మరకల చెయ్యి. అతను తెల్లబోయి ఫోను ఇచ్చేశాడు.

"నా బదులు నేనే చెప్తాను" అంది అతనితో. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "వస్తానండీ. రేపటినుంచే" అంది.

అత్తగారు కొడుకు వంక చూసింది. కొడుకు కంచం వంక చూశాడు.

"మరి రేపు ఇంట్లో కూరెవరు చేస్తారే?" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి జీలకర్ర డబ్బా తెచ్చింది. అతని కంచం పక్కన పెట్టింది.

"సగమే వెయ్యండి" అంది.