చేతిలో పెట్టిన బీడీ

లింబయ్య కట్టను చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కాడు. గట్టిగా చుట్టిన బీడీ చప్పుడు చేయదు. వదులుది కరకరమంటుంది. ఈ కట్ట నోరు మెదపలేదు.

బోధన్ శివారులోని ఆ బీడీ కార్ఖానాలో ముప్పై రెండేళ్లుగా ఆయన పని అదే. ఆడవాళ్లు ఇళ్లలో చుట్టి తెచ్చిన బీడీలు చూసి, పనికిరానివి పక్కకు తీయడం. పొగాకుతో వేళ్లు పచ్చబడ్డాయి, కూర్చుని కూర్చుని మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అదేమంత గొప్ప కొలువు కాదు. ఆ పని చేసేవాణ్ణి మెచ్చుకున్నవాళ్లు లేరు గానీ, తిట్టుకోవడం మాత్రం ఎవరూ మరిచిపోరు.

ఈరోజు ఆఖరు రోజు. రేపటి నుంచి ఆ పీట ప్రేమ్‌ది. పక్కనే కూర్చుని పని చూస్తున్న ప్రేమ్, పొద్దున అఖిల అనే కొత్త కోడలి కట్టలో నాలుగు వదులు బీడీలు పట్టి, వరుసలో ఉన్న అందరి ముందూ నలిపి తట్టలో పోశాడు. ఏ కార్ఖానాలో చూసినా అదే ఆచారం. అఖిల తల దించుకుంది. తర్వాత చాయ్ దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు లింబయ్య, నేనైతే మూడే పట్టేవాణ్ణి, నీ చూపు పదునైనది అన్నాడు. అది నిజమే. ప్రేమ్ మొహం వెలిగాక, ఆ పిల్ల రేపు నీ ముందు చేతులు వణకకుండా కట్ట పెట్టగలదా అని అడిగాడు.

ఆయన దిగులంతా దేవవ్వ గురించే. డెబ్బై ఏళ్ల దేవవ్వ బీడీకి వంక పెట్టినవాడు లేడు. అలాంటిది ఆరు నెలలుగా బీడీ కొసన ఆకు మడిచే మూతులు సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఎవరూ చూడకుండా ఆయనే గోటితో ఒక్కొక్క మూతీ నొక్కి మంచివాటిలో కలిపేస్తున్నాడు. రేపు ప్రేమ్ నలుగురిలో నలిపితే ఆమె మళ్లీ ఈ గడప తొక్కదు. ఆమె పొయ్యి వెలిగేది ఈ బీడీలతోనే. ఈరోజే చెప్పాలి, అదే కష్టం. ఎలా చెప్పాలో ఆయనకు నేర్పింది ఆమే మరి. కొలువులో చేరిన వారంలోనే ఆయన ఒక కట్ట మొత్తం నలిపేస్తే, "తప్పు చేతికి చెప్పాలె తమ్మీ, నలుగురికి కాదు" అంది. ఆ తర్వాత ఆయన బీడీ నలపలేదు. తప్పినదాన్ని చుట్టినామె అరచేతిలో పెట్టేవాడు. ఆ చెయ్యే తడిమి తెలుసుకునేది.

దేవవ్వ అందరికన్నా వెనక వచ్చింది. లింబయ్య ఆమె కట్టలోంచి ఒక బీడీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు బీడీ నడుము దాటి, మూతి దగ్గర ఆగాయి.

"నడుము ఇప్పటికి నీ చేతిదే అక్కా. గింత బిగువుగ చుట్టేటోళ్లు ఇంకెవ్వరు లేరు. మూతే తప్పుతున్నది. అది చెయ్యి తప్పు కాదు, కండ్లది."

"ఎన్ని దినాల సంది?"

"ఆరు నెలలు."

దేవవ్వ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"దాస్తే నేనెట్ల దిద్దుకుంట? నలుగురికి చెప్పకు అన్న గని, నాకు చెప్పకు అన్ననా?"

లింబయ్యకు సిగ్గేసింది. తప్పయిందన్నాడు. కంట్లో పొర, మోతిబిందు అయి ఉంటుందని, సర్కారు దవాఖానకు తానే తోలుకపోతానని చెప్పాడు. రేపే పోదామంది దేవవ్వ. చూపు కుదిరేదాకా మూతులు ముడవడం తన వాడలోనే ఉండే అఖిలతో చేయించుకుంటానని, బదులుగా ఆ పిల్లకు బిగువు నేర్పుతానని తనే తేల్చేసింది. ప్రేమ్ తలెత్తకుండా అన్నీ వింటున్నాడు.

బీడీని బల్ల మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్లి ఆగింది దేవవ్వ.

"ఇన్నేండ్లల నీ ముంగట ఎవ్వరం తల దించలే తమ్మీ."

ముప్పై రెండేళ్ల కొలువులో ఆయనకు దక్కిన మెప్పు అదొక్కటే. కళ్లు తుడుచుకోవడానికి పొగాకు ఘాటును సాకు చేసుకున్నాడు.

పొద్దు వాలాక కండువా దులుపుకుని, ప్రేమ్ భుజం తట్టి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. దండలూ లేవు, మాటలూ లేవు. ప్రేమ్ పీట మీదికి జరిగి బల్ల సర్దుతుంటే దేవవ్వ బీడీ చేతికి తగిలింది. అలవాటుగా నలపబోయి ఆగాడు. కాసేపు దాన్ని అరచేతిలో ఉంచుకుని, మళ్లీ అక్కడే పెట్టి దీపం ఆర్పాడు.

బల్ల అంచున ఆ బీడీ, మూతి కొంచెం తెరుచుకుని, నలగకుండా ఉంది.